సీసంలో నేర్చిన హిందీ

మా మావకి చూపు పోతోందని ఇంట్లో మొదట కనిపెట్టినదాన్ని నేనే. మజ్జిగ మీద చీమలు తేలుతున్నాయి. ఆయన చూడలేదు, గడగడా తాగేశాడు. "మావా, చీమలు!" అని నేను అరిచేసరికి గ్లాసు ఖాళీ. మూతి తుడుచుకుని, "సీమలు తింటే కళ్ళు బాగా కనిపిస్తాయంటారు, మంచిదే కదేటి," అన్నాడు. అని నవ్వబోయి ఆగిపోయాడు. వంటింటి వైపు చెవి పెట్టి, మా అత్త కదలడం లేదని తేల్చుకుని, గొంతు తగ్గించి, "ఒలమ్మీ, మీ అత్తకి సెప్పకు. ఆడికీ సెప్పకు," అన్నాడు. ఆడు అంటే మా ఆయన చిన్నారావు.

చెప్పలేదు. వినే ఓపిక మా ఇంట్లో ఎవరికుంది గనక? ఆంధ్రరాష్ట్రం వస్తోందట అని రాయపూరు రైల్వే క్వార్టర్లలో మనవాళ్ళంతా పంపు దగ్గర కూడా అవే కబుర్లు చెప్పుకుంటున్న వేసవి అది. వస్తే రానీ, ముందు ఈ పంపులో నీళ్ళు రానీ అనుకునేదాన్ని నేను. తెల్లవారుతూనే వరసలో బిందె పెడితే బారెడు పొద్దెక్కాక నిండేది. మా ఆయనది లోకోషెడ్డులో ఇంజిన్లు తుడిచే పని, అదీ టెంపరరీ. ఇవాళ పిలిస్తే రేపు పిలవరు. ఇంటికొచ్చాక మసి కడుక్కునే ఓపిక కూడా లేక అలాగే నేల మీద వాలిపోయేవాడు. అత్త సూరమ్మకి మోకాళ్ళ నొప్పులు. నిలకడగా నడిచే పని ఇంట్లో మావది ఒక్కటే.

మావ పేరు దానయ్య. గోల్‌బజారు వెనక సందులో సాహుజీ ప్రెస్సులో అక్షరాలు పేర్చి కట్టే కంపోజిటరు. పార్వతీపురం లైను రాయపూరు దాకా కలిసిన ఏడు ఇక్కడికొచ్చి, ఇరవై రెండేళ్ళుగా అదే ప్రెస్సులో అదే కేసు ముందు నిలబడ్డాడు. కేసంటే గళ్ళుగళ్ళుగా చేసిన పెద్ద చెక్క పళ్ళెం. ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం కుప్పగా పోసి ఉంటుంది. అక్కడ నిలబడితే ఆయన మాస్టరు. ఊళ్ళో వకీళ్ళు, డాక్టర్లు కూడా "మాస్టర్, నా పని ఎంతవరకు వచ్చింది?" అని ఎదురుచూసేవాళ్ళు. ఆ చోటు పోతే ఇంట్లో తిండికి కటకట ఎలాగూ తప్పదు, మనిషి కూడా మనిషిగా మిగలడు. 

అప్పటికే ఒక కన్ను లేదు. ఊళ్ళ వెంట తిరిగే కంటివైద్యుడెవడో సూదితో పొర తీస్తానని కూర్చోబెట్టి, పొరతోబాటు చూపూ పట్టుకుపోయాడు. రెండో కంటికి అదే పొర కమ్ముతోంటే దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వనని మొండికేశాడు. తప్పు పట్టగలమా?

ఎండాకాలం పన్నెండు నుంచి మూడు దాకా ప్రెస్సు యజమాని సాహుజీ తన ఇంటికి పోయి, భోంచేసి కునుకు తీసేవాడు. ట్రెడిల్ మిషను తొక్కే బుధారూ తన బోరేబాసీ, అంటే మన చద్దన్నమే, తినేసి గుమ్మం పక్కన తువ్వాలు పరుచుకుని గుర్రుపెట్టేవాడు. మాకు దొరికేది ఆ మూడు గంటలే. నేను క్యారేజీ పట్టుకెళ్ళాలి, మావ తినాలి, తరవాత ఎవరికీ తెలియకుండా నేను ఆయన కన్ను కావాలి.

మొదటి రోజు ఒక అక్షరం నా అరచేతిలో పెట్టాడు. వేలి కణుపంత పొడుగు, గోరంత వెడల్పు కూడా లేదు. అంత చిన్నదానికి అంత బరువేమిటో అనుకున్నాను.

"ఏటిది?" అన్నాడు.

"నాకేం తెలుసు మావా? హిందీ రాదు నాకు. బొబ్బిలి బళ్ళో మూడో తరగతి, అదీ తెలుగు."

"నోటికి హిందీ ఒచ్చు కదేటి? కూరలోడితో దెబ్బలాడతావు కదా. కంటికి కూడా ఒచ్చీస్తాది. తడుము. పక్కన సిన్న గాడి ఉందా? ఆ గాడి పైకి పట్టుకో. అప్పుడు అచ్చరం తలకిందులుగా కనిపిస్తాది. అలగే సూడు. తిన్నగా సూద్దారని మెడ తిప్పకు."

చూశాను. అక్షరం కింద గీత, ఆ గీత మీద అక్షరం కాళ్ళు పైకెత్తి ఉంది. అలాగే ఒకటి పక్కన ఒకటి, ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోవాలి. మావ అక్షరం పేరు చెప్పేవాడు, నేను చూసి, తడిమి, గడిలో వేసేదాన్ని. క్యారేజీ గిన్నెలు తోముతూ గళ్ళ వరసలు వల్లె వేసుకునేదాన్ని. హోళీకి మొదలుపెడితే శ్రీరామనవమి నాటికి అక్షరాలన్నీ పట్టుబడ్డాయి. మావ కట్టిన మేటరు ఇంకా సీసంగా ఉండగానే చదివి, ఇక్కడ తప్పు పడింది, అక్కడ అక్షరం తిరగబడింది అని చెప్పేదాన్ని. ఆయన దిద్దుకునేవాడు. కాగితం మీద అచ్చుపడ్డాక చూడవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. అప్పటికి నేను క్యారేజీ కడిగి ఇంటికి పోయేదాన్ని.

అక్షరాల తరవాత ఖాళీ నేర్పాడు. నా అంతట నేను మొదటిసారి ఒక వాక్యం కట్టి, గొప్పగా ఆయన ముందు పెట్టాను. ఆయన బొటనవేలితో దాని మీద ఒకసారి రాశాడు.

"ఊపిరాడక సచ్చిపోతన్నాయే ఇయ్యి. ఖాళీ ఏదీ?"

"ఖాళీ అంటే ఏమీ పెట్టకపోవడమే కదా మావా?"

"కాదమ్మీ. సదివీవోడికి ఖాళీ అంటే ఏటీ నేదు. కట్టీవోడికి ఖాళీ కూడా సీసమే. దాన్నీ ఏరాల, దాన్నీ పేర్చాల. నేకపోతే వరస కూలిపోతాది."

మా ఇంట్లో ఖాళీ కూడా సరిగ్గా అలాంటిదే. కాస్త కూర్చున్నామంటే బియ్యంలో రాళ్ళేరడానికే. ఆ మాట అంటే మావ చాలాసేపు నవ్వాడు. ఆ వేసవిలో ఆయన నోరారా నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. బుధారూ నిద్రలో ఉలిక్కిపడి అటు తిరిగి పడుకున్నాడు.

ఇంతలో అక్తి దగ్గరపడింది. అక్తి అంటే మన అక్షయ తృతీయ. ఛత్తీస్‌గఢ్‌లో ఆ రోజుకి ముహూర్తంతో పని లేదు, ఊరూరా పెళ్ళిళ్ళే. సాహుజీ ప్రెస్సులో శుభలేఖల కాగితాలు బస్తాల లెక్కన దిగాయి. పెళ్ళికొడుకుల తండ్రులందరిదీ ఒకటే పాట: నా పేరు పెద్దది చెయ్యి, మా అన్న పేరు పెద్దది చెయ్యి, బావమరిది అలుగుతాడు, వాడిదీ పెద్దది చెయ్యి. మావ చదివి చెబుతుంటే, నేనూ పోనీలే పాపం అని ఒకాయనకి అన్నీ పెద్దక్షరాలతో కట్టాను. మావ వేళ్ళతో తడిమి, నేను కట్టిన మేటరు పక్కకి తోసేశాడు.

"సంతలో అందరూ ఒక్కపాలే అరిస్తే ఎవుడి మాట ఇనిపిస్తాదే? కన్ను ముందు ఎక్కడ పడాల? ఇనాయకుడి మీద. ఆనక పిల్ల పేరు, పిల్లోడి పేరు. ఆనక రోజు. ఆనక ఊరు. సుట్టాలందరూ సిన్నచ్చరాల్లో కింద వరసన కూకోవాల, పెళ్ళి బంతిలో కూకున్నట్టు."

"వాళ్ళు ఒప్పుకోరు మావా. పెద్దవాళ్ళు కదా."

"పెద్ద పేరు కావాలంటే పెద్దచ్చరం ఎందుకు? సుట్టూ సోటు ఒగ్గీ. పెద్దోడి పక్కన ఎవుడూ నిలబడడు కదా, అలగ. కన్ను దానికదే ఎల్తాది."

కన్ను ఎటు వెళుతుందో ఇంత తీరుగా చెబుతున్న మనిషికి తన చేతిలో ఉన్న కాగితం రంగు కూడా తెలియదు.  ఏడిస్తే వినిపిస్తుందని పైటకొంగు నోట్లో కుక్కుకుని ఆ మేటరు మళ్ళీ విప్పాను.

నేను చేసే పనుల్లో ముఖ్యమైనది మాత్రం పంచడం. అచ్చయిపోయిన మేటరు విప్పి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం గడిలోకి తిరిగి వెయ్యాలి. అది చూపున్నవాళ్ళ పని. కట్టడానికి మావకి చూపుతో పని లేదు. రాసిచ్చిన కాగితాన్ని గుమ్మంలో ఎండకి పట్టి, ముక్కుకి ఆనించుకుని, కూడబలుక్కుని ఒకసారి చదివితే చాలు, కంఠతా వచ్చేసేది. శుభలేఖలన్నీ ఒకటే, పేర్లు మారతాయంతే. ఏ గడి ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. గడిలో ఏమున్నదీ నా పూచీ. అది తలచుకుంటే నాకు రోజూ భయంగానే ఉండేది.

అక్తి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఆ పని జరిగింది. ముందు రెండు రోజులు పంపు రాలేదు. బూఢా తలాబ్ దాకా నడిచి నీళ్ళు మోసుకొచ్చాం. మధ్యాహ్నం వడగాలి సందులోంచి కొడుతోంది. నేను నిలబడే తూగుతున్నాను. హిందీలో మ కీ భ కీ పెద్ద తేడా లేదు, పై గీతలో చిన్న తెంపు ఒక్కటే. అది సీసంలో వడ్లగింజ ముక్కంత కూడా ఉండదు. ఆ రోజు ఎన్ని భలు మ గడిలో వేశానో, ఎన్ని ధలు ఘ గడిలో వేశానో నాకు తెలియదు. తెలిస్తే వేస్తానా? పంచుతున్నాననే అనుకున్నాను, పంచేశాను, గిన్నెలు సర్దుకుని ఇంటికొచ్చి పడ్డాను.

మర్నాడు అత్తకి వడదెబ్బ. ఉల్లిపాయ రసం పాదాలకి రాస్తూ, తడిగుడ్డ వేస్తూ ఆ పూటంతా ఆవిడ పక్కనే ఉన్నాను. క్యారేజీ మా ఆయన పట్టుకెళ్ళాడు. సీసం చదివేవాళ్ళు ఎవరూ లేరు. మాస్టర్ కట్టిన శుభలేఖకి ప్రూఫేమిటని సాహుజీ కొన్నేళ్ళుగా ప్రూఫు తీయించడమే మానేశాడు. అభన్‌పూర్ గౌంటియా, అంటే ఆ ఊరి పెద్ద, కొడుకు పెళ్ళి శుభలేఖ మావ ఆ రోజే కట్టాడు. సాయంత్రానికి అచ్చయిపోయింది. ధమ్‌తరి చిన్న రైలుబండిలో ఆయన మనిషి వచ్చి కట్ట పట్టుకుపోయాడు.

రెండు రోజుల తరవాత నేను మళ్ళీ క్యారేజీతో వెళ్ళేసరికి సాహుజీ ఇంటికి పోలేదు. బుధారూ పడుకోలేదు. తలపాగా చుట్టుకున్న గౌంటియా మధ్యలో నిలబడి కేకలేస్తున్నాడు. బల్ల మీద శుభలేఖలు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. సగం కార్డులు ఊళ్ళలో పంచేశాక గాని చదువొచ్చిన చుట్టం ఒకడు దొరకలేదట. వాడు చదివి, ఏ అక్షరం ఉండాల్సిన చోట ఏ అక్షరం ఉందో చూపించి, పదిమందిలో నవ్వాడట. మావ కేసు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

సాహుజీ కోప్పడే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. ఒక కార్డు తీసి మావ చేతిలో పెట్టాడు.

"చదవండి మాస్టర్," అన్నాడు హిందీలో.

మావ కార్డును దూరంగా, ఠీవిగా పట్టుకుని చదివాడు. దేవుడి పేరు దగ్గర్నుంచి, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, తిథి, వారం, ఊరు, చిట్టచివర మేనమామల దాకా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాడు. ఎక్కడా తడుముకోలేదు.

"మాస్టర్," అన్నాడు సాహుజీ, ఈసారి ఇంకా మెల్లగా. "అందులో ఉండాల్సింది కాదు. ఉన్నది చదవండి."

మావ కార్డును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. గుమ్మం వైపు తిరిగాడు. ఇటు వంచాడు, అటు వంచాడు.  కాసేపటికి కార్డు కిందికి దించేశాడు. అంతసేపూ గొంతు చించుకున్న గౌంటియా తలపాగా సవరించుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి పోయి సందులో నిలబడ్డాడు.

నేను క్యారేజీ కింద పెట్టేశాను. "తప్పు ఆయనది కాదు సేఠ్. నాది. గళ్ళలో అక్షరాలు నేను పంచాను," అన్నాను. నాకు వచ్చిన బజారు హిందీలోనే.

"నువ్వా?"

"నేనే. హోళీ నుంచీ నేనే పంచుతున్నాను. ఆయన కట్టింది చదివేదీ నేనే."

మావని కాపాడదామని నోరు తెరిచాను. నోరు తెరిచి ఉన్నదంతా కక్కేశాను. నా అంత తెలివితక్కువది ఉంటుందా! ఆడమనిషి వచ్చి కళ్ళయితే తప్ప ఈయన పని చెయ్యలేడని నేనే దండోరా వేసినట్టయింది. మావ తల నా వైపు తిరిగింది. ఆ చూపులేని కన్నులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు.

సాహుజీ చాలాసేపు గోడకున్న పంచాంగం వైపు చూశాడు. అక్తి ఇంక ఆరు రోజులుంది. బల్ల మీద ఇంకా ముప్పై పెళ్ళిళ్ళున్నాయి. ఆరు రోజుల్లో మరో కంపోజిటరు రాయపూరులో ఎక్కడ దొరుకుతాడు? పక్కనున్న పల్చటి కాగితం ఒకటి తీశాడు. ఏదో మేళా కరపత్రం. నా చేతికిచ్చాడు.

"చదువు," అన్నాడు.

చూశాను. ఒక్క అక్షరం తెలియలేదు. అన్నీ గీత కింద వేలాడుతున్నాయి. ఇవి నాకు తెలిసిన అక్షరాలు కావు. మొదటిది పోల్చుకోవడానికే చెమటలు పట్టాయి, రెండోది తప్పు చెప్పాను, మూడోదాని దగ్గర ఆగిపోయాను. బుధారూ పకపకా నవ్వి, "ఏ తో నై పఢ్ సకయ్!" అన్నాడు. దీనికి చదవడం రాదు అని. సాహుజీ కాగితం కోసం చెయ్యి చాచాడు. తీసేసుకుంటే బాగుండునని నాకూ అనిపించింది. తీసుకుంటే నేను ఇంటికి పోవచ్చు. నేను అబద్ధమాడానని అనుకుంటారు, మావకి ఇంకో వారమైనా గడువు దొరుకుతుంది. నిజంగా అలాగే అనుకున్నాను.

"తిరగెయ్యి," అన్నాడు మావ.

తెలుగులో అన్నాడు. సాహుజీకి అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు.

"కాయితం ఎనక్కి తిప్పమ్మీ. తల కిందకి పెట్టు. గుమ్మంలో నిలబడి ఎలుగుకి పట్టుకో."

వెనక్కి తిప్పాను. తలకిందులు చేశాను. గుమ్మంలోకి పోయి ఎండకి ఎత్తి పట్టుకున్నాను. కాగితంలోంచి అక్షరాలు వచ్చాయి. గీత కిందికి వచ్చింది, అక్షరాలు పైకి నిలబడ్డాయి, ఎడమ నుంచి కుడికి వరసగా. చదవడం మొదలుపెట్టి ఆగలేదు. మేళా ఏ రోజో, ఏ మైదానంలోనో, ఎద్దుల పందెం ఎప్పుడో, కుస్తీలు ఎవరెవరికో, అన్నీ చదివేశాను. సందులో ఉన్న గౌంటియా నోరు తెరుచుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు.

లోపలికి తిరిగేసరికి సాహుజీ పంచాంగం వైపు చూడటం లేదు. మావ వైపు చూస్తున్నాడు. "రేపట్నుంచి పొద్దున్నే రా బహూ," అన్నాడు నాతో. బహూ అంటే కోడలు. తరవాత మావ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "మీరు చాలా ఏళ్ళు నిలబడ్డారు మాస్టర్," అన్నాడు. 

మావ చేతులు కడుక్కుని, క్యారేజీ విప్పి, ప్రతి గిన్నే తుడిచినట్టు తిన్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో, "ఇక్కడికొచ్చిన మొదట్లో నానూ అలగే కాయితం తిరగేసి సదివినాను. తెలుగు తప్ప రాని ముండావోణ్ణి. సీసంలోనే హిందీ నేర్సినాను," అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని స్టేషను దాకా ఆయన పక్కనే నడిచాను.

ఇంట్లో సంగతి తెలిశాక మా అత్త మంచం మీద లేచి కూర్చుని మరీ తిట్టింది. "మావ నోటికాడ కూడు లాక్కున్నావే! రేపు మొగుడి పని కూడా నువ్వే సేస్తావేటి? ఆడది అచ్చాపీసులో నిలబడతాదా? మన క్వార్టర్లలో ఎవులైనా ఇన్నారా?"

"ఎవులో ఒకలు ఎల్లాలి కదా అమ్మా," అన్నాడు మా ఆయన, మసి చేతులు కడుక్కోకుండానే. నన్ను వెనకేసుకొచ్చాడని సంతోషపడేలోపు నిద్రపోయాడు. నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసింది నేను, చోటు పోయింది ఆయనకి, దొరికింది నాకు. ఇదెక్కడి న్యాయం? ఎవరి మీద అరవాలో తెలియక వంటింట్లోకి పోయి ఖాళీ బిందెని కాలితో తన్నాను. నా కాలే వాచింది.

రెండు రోజులు వెళ్ళాను. గళ్ళన్నీ ఖాళీ చేసి, ఒక్కొక్క అక్షరం చూసి మళ్ళీ పంచడానికే మొదటి రోజంతా పట్టింది. రెండో రోజు, రాసిచ్చిన కాగితాలు గుమ్మంలో వెలుగుకి తిరగేసి చదువుకుంటూ, కట్టడం మొదలుపెట్టాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెయ్యెత్తి జడ కూడా విప్పుకోలేకపోయాను. మా అత్త అంతసేపూ గొణుగుతూనే ఆముదం వెచ్చబెట్టి నా భుజాలకి రాసింది. "ఒళ్ళు ఇనుమైపోనాదే. అక్కడేటి మూటలు మోస్తన్నావేటి?" అంది. మావ పక్కగదిలో నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ రెండు రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పిలిస్తే "ఊఁ" అనేవాడు. మాట్లాడకపోతే మానె, ఒకసారి తిట్టినా బాగుండేదని నాకు ఏడుపొచ్చేది.

మూడో రోజు పొద్దున్న చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. చంకలో గోనెగుడ్డ మూట ఉంది.

"అదేంటి మావా?"

"ఇటికలు. లైను పక్కన కుప్పలోయి. రెండు సాలతాయి."

"ఇటుకలెందుకు?"

"కేసు పెట్టిన స్టాండు నా ఎత్తుకి కొట్టించినారు. నాను గడకర్రలాగుంటాను, నువ్వు నా సంకలోకి వొస్తావు. చేతులు పైకెత్తి పన్జేస్తే భుజాలు పడిపోవేటి మరి? కాళ్ళ కింద ఏసుకో. కింద మట్టి సదును సేసి మరీ ఏసుకో, కదలకుండా."

"నేను పట్టుకుంటాను, ఇయ్యి."

"నీ చేతులు సాయంత్రం దాకా పన్జెయ్యాల. నడు."

గోల్‌బజారు దాకా ఆ మూట ఆయనే మోశాడు. నేను పక్కన నడిచాను. గోతులు వచ్చిన చోట మోచెయ్యి తాకిస్తే తప్పుకునేవాడు. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. శుభలేఖల కోసం వచ్చినవాళ్ళు అప్పటికే సందులో నిలబడి ఉన్నారు. అందులో ఇద్దరు ముగ్గురు ఆయనకి దణ్ణం పెట్టారు, ఆయన చూడలేదు. బుధారూ గుమ్మంలోకి వచ్చి, "ఆవో మాస్టర్, ఆవో!" అని పిలిచాడు.

మావ మూట నా చేతికిచ్చాడు. గుమ్మానికి అవతల కేసు ఉన్నవైపు ఒక్కసారి ముఖం పెట్టాడు. ఇంకు, కిరసనాయిలు కలిసిన ఆ వాసన పీల్చుకున్నాడు. "ఎల్లు," అన్నాడు నాతో. గోడ తడుముకుంటూ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. లోపలికి రాలేదు.

నేల చదును చేసి ఇటుకలు వేసుకున్నాను. ఎక్కి నిలబడితే గళ్ళు నా మోచేతుల దగ్గరికి వచ్చాయి, చేతులు వాటంతటవే ఆడాయి. ఆ రోజు ఏడు శుభలేఖలు కట్టాను. అభన్‌పూర్ గౌంటియాది కూడా మళ్ళీ కట్టాను, పెళ్ళికూతురి పేరు చుట్టూ చోటు వదిలాను. సాహుజీ ప్రతిదానికీ ప్రూఫు తీయించి, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వెతికాడు. ఒక్క తప్పు దొరకలేదు.

సాయంత్రం దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. ఏడు కట్టాను మావా, ఒక్క తప్పు లేదు మావా అని చెప్పాలి. తిట్టినా సరే, ఊఁ అన్నా సరే. ఇంకా దీపాలు పెట్టలేదు. మావ మంచం కోడు పక్కన మా అత్త నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

"లేపకు," అంది, ఆ మధ్య నాతో ఎన్నడూ లేనంత మెత్తగా. "ఇరవై రెండేళ్ళకి కంటి నిండా తొంగున్నాడు."

విసనకర్ర ఆవిడ చేతిలోంచి తీసుకుని నేను విసరడం మొదలుపెట్టాను.